నాకు మందు పెట్టింది మా అక్క కాదు

మా అక్కను చంపింది నేనే. పోలీసులు అలా అనరు. చావు సర్టిఫికెట్‌లో కూడా అలా లేదు. చేతులతో చంపలేదు. చేతులతో కొట్టింది ఒక్క రోజు. మిగతాదంతా నోరు మూసుకుని చేశాను. పదకొండేళ్ళుగా అది నా మెడ మీద కూర్చుని ఉంది. టిప్పరు తోలేటప్పుడు కూడా దిగదు.

నాకు రాయడం రాదు. నాలుగో తరగతితో బడి ఆగిపోయింది, అదీ కన్నడ బడి. తెలుగు అక్షరాలు దారిలో బోర్డులు చూసి నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళైతే సిగ్గు అడ్డం వస్తుంది. ఆ సిగ్గు వల్లే ఇదంతా జరిగింది.

ముందు మా అక్క గురించి చెప్పాలి. నన్ను కన్న ఏడాదికే మా అమ్మ పోయింది. అక్కకు అప్పుడు పద్నాలుగేళ్ళు. నన్ను చంకన వేసుకుని నాట్లకు పోయేది. గట్టు మీద పడుకోబెట్టి, నేను ఏడిస్తే బురద చేతులు కడుక్కుని వచ్చేది. పెళ్ళయి కంప్లి దగ్గర పల్లెకు కాపురానికి పోతే నన్నూ వెంట తీసుకుపోయింది. పెద్దయ్యాక ఆమె కూతురు రత్ననే నాకిచ్చి చేశారు. మా వైపు అక్క కూతురిని చేసుకోవడం మామూలే. కాబట్టి ఆమె నాకు అక్క, అత్త, అమ్మ, మూడూ. బావ పోయాక ఊళ్ళో సర్కారు బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే పనికి చేరింది. ఊరి పిల్లలంతా ఆమె చేతి అన్నం తిన్నవాళ్ళే. ఆ పనంటే ఆమెకు గర్వం.

మాకు ఒక కూతురు. ఆమెను ఇందులోకి తేను.

నేను గనుల నుంచి టిప్పరులో ఇనుపరాయి తోలే డ్రైవర్ని. సంగనకల్లు దగ్గర ఇల్లు. రాత్రంతా తోలి తెల్లారాక ఇల్లు చేరేవాణ్ణి. నిద్ర రాకుండా గుట్కా. పగలు నిద్ర పట్టడానికి తాగుడు. దాహం ఎక్కువైతే సీసాలు సీసాలు కూల్‌డ్రింకు. ఇలా ఏళ్ళు గడిచాయి. ముప్పై నాలుగేళ్ళకు నా ఒళ్ళు నా మాట వినడం మానేసింది. భార్య దగ్గర నాకు లేవలేదు. ఈ మాట రెండుసార్లు రాసి కొట్టేశాను. కానీ ఇంకోలా రాస్తే మళ్ళీ దాచినట్టే.

మొదటిసారి రత్న ఏమీ అనుకోలేదు. "పోనీలే మామా, అలిసిపోయిండావ్, పండుకో" అంది. అందులో తప్పేముంది? ఏమీ లేదు. నేను ఆమె చెంప మీద కొట్టాను. ఎందుకు కొట్టావని ఇప్పుడు మీరడిగితే, ఆమె చూసింది కాబట్టి కొట్టాను అని చెప్తాను. నాకు తెలియడం వేరు, ఇంకో మనిషి చూడడం వేరు.

రెండో వారమూ అంతే. మూడో వారం పొద్దున టిప్పరు దిగేటప్పుడే భయం మొదలైంది. ఈ రోజైనా అవుతుందా? ఆ ఆలోచనతోనే ఇంట్లోకి అడుగు పెట్టేవాణ్ణి, ఆ ఆలోచనతోనే చెడిపోయేవాణ్ణి. చెడిపోయిన ప్రతిసారీ ఏదో ఒకటి పగలాలి. అద్దం పగలగొట్టాను. నీళ్ళ కుండ తన్నాను. తర్వాత వస్తువులు చాల్లేదు. రత్నను జుట్టు పట్టి గోడకు కొట్టేవాణ్ణి. నీకు ఇంకెవడో ఉన్నాడు, అందుకే నీ మీద నాకు మనసు పోవడం లేదు అనేవాణ్ణి. అది అబద్ధమని కొట్టేటప్పుడే నాకు తెలుసు. తెలిసి కూడా చేయి ఆగేది కాదు. లోడింగ్ దగ్గర ఒక డ్రైవరు ఊరికే నవ్వుతూ "ఏమప్పా, బ్యాటరీ డౌన్ అయిందా" అన్నాడు. వాడు నా ముఖం చూసి అన్నాడు, నిద్ర గురించి అన్నాడు. నేను స్పానరుతో వాడి నోటి మీద కొట్టాను. రెండు పళ్ళు మట్టిలో పడ్డాయి. నలుగురు పట్టుకుంటే గానీ ఆగలేదు.

రోడ్డు పక్క డేరాలో వేర్లు అమ్మేవాడి దగ్గర పొడులు కొన్నాను. మెడికల్ షాపులో పేరు చెప్పకుండా వేలు చూపించి మాత్రలు కొన్నాను. గుండె దడదడ కొట్టుకుంది, అంతే. డాక్టరు దగ్గరికి పోవాలని మాత్రం ఒక్కసారీ తోచలేదు. కాలు విరిగితే పోయేవాణ్ణి. ఇది ఒంటి జబ్బు అని నేను అనుకోనే లేదు. ఇది ఎవరో చేసింది అనుకున్నాను. ఎవరో చేసింది అయితే నా తప్పు ఉండదు కదా.

మా వైపు ఒక నమ్మకం ఉంది. మనిషిని లొంగదీసుకోవడానికో చెడగొట్టడానికో అన్నంలో ఏదో కలిపి పెడతారని. పెట్టుడు మందు అంటారు. అది కడుపులో గడ్డ కట్టి ఏళ్ళ తరబడి ఉంటుందట. దాన్ని కక్కించేవాళ్ళు పల్లెల్లో ఉంటారు. నాతో బండ్లు తోలే ఈరన్న ఈ మాట ఎత్తాడు. అలాంటి ఒక ముసలాయన దగ్గరికి నన్ను మోటారు సైకిల్ మీద తీసుకుపోయాడు.

ఆ ముందు రోజే మా అక్క బస్సులో వచ్చి జొన్నరొట్టెలు, గురెళ్ళ పొడి ఇచ్చి పోయింది. గురెళ్ళంటే వెర్రినువ్వులు; వెల్లుల్లి వేసి దంచిన ఆ పొడి నల్లగా ఉంటుంది, నూనె కలిపితే ముద్దవుతుంది. చిన్నప్పటి నుంచి నాకు అదంటే ప్రాణం. ఆ పొద్దున నాలుగు రొట్టెలు దాంతోనే తిని బయల్దేరాను.

ముసలాయన ఏదో ఆకు పసరు తాగించాడు. పేగులు బయటికి వస్తాయా అన్నట్టు కక్కాను. పళ్ళెంలో నల్లటి ముద్ద పడింది. ఆయన దాన్ని పుల్లతో కదిపి, ఇదే మందు, రక్తసంబంధం ఉన్న ఆడమనిషి పెట్టింది, ఈ మధ్య ఎవరి చేతి తిండి తిన్నావు అని అడిగాడు. మా అక్క పేరు చెప్పాను.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. ఇది ఇంతవరకు నాలో నేను కూడా ఒప్పుకోలేదు. ఆ పళ్ళెంలోంచి వాసన వచ్చింది. గురెళ్ళ వాసన, వెల్లుల్లి వాసన. పుల్లటి కక్కులో కూడా నాకు తెలిసింది. ఇది పొద్దున నేను తిన్నదే కదా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణాన్ని నేను తొక్కేశాను. ఎందుకంటే అది పొడి అయితే నేను చెడిపోయిన మగవాణ్ణి. అది మందు అయితే నాకు అన్యాయం జరిగిన మగవాణ్ణి. నేను రెండోది ఎంచుకున్నాను.

అక్కడి నుంచి నేరుగా ఇంటికి వచ్చి రత్నను నా బండెక్కించాను. మీ అమ్మ చేసిన పని నీ చెవులతో విందువు రా అన్నాను. ఈరన్న తన బండి మీద వెనకే వచ్చాడు. అక్క ఊరికి పోయేసరికి బడిలో పిల్లలు వరసగా పళ్ళాలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. అక్క సాంబారు వడ్డిస్తోంది. నన్ను చూసి ముఖం వెలిగింది.

"ఏమప్పా, పని లేదా ఈ పొద్దు? రత్నమ్మను గూడా పిల్చకొస్తివే. కూర్చోండి, అన్నం తిందురు."

"ఏం పెట్టినావ్ నాకు?"

"ఏం పెడితి? గురెళ్ళ పొడి ఇచ్చొస్తి గదా. ఉప్పు ఎక్కువాయనా?"

"మందు పెట్టినావ్. కక్కినా నేను. పళ్ళెంలో పడె, నల్లగ. ఈరన్న చూసినాడు, అడుగు."

ఆమె చేతిలో గరిటె అట్లాగే ఉంది. "ఎవురు చెప్పినారప్పా నీకు? నీకు నేను మందు పెట్టేదేంది? ఏంటికి పెడతాను?"

"నన్ను మగోన్ని కాకుండ జేసినావ్ గదే. నీ కూతురు దగ్గర నేను పనికి రాకుండ పోతి."

ఇంతకాలం ఎవరికి తెలుస్తుందోనని చచ్చిపోయిన సంగతిని నేనే, ఆ బడి వసారాలో, టీచర్ల ముందర, అరిచి చెప్పాను. వంటింటి దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క గొంతు తగ్గించి దగ్గరికి వచ్చింది.

"సుమ్నే ఉండప్పా, అరవాకు, పిల్లోల్లు వింటాండారు. నీ మగతనం తీసుకోని నేనేం జేసుకోవల్ల? ఒంట్లో బాగలేకుంటే దవాఖానకు పోదాం రా. నేను వస్తా నీ తోడ."

ఆమె చెప్పింది సరైన మాట. అప్పటివరకు నాకు ఎవరైనా చెప్పిన సరైన మాట అదొక్కటే. కానీ ఆ నవ్వు ఇంకా నా చెవిలో ఉంది. ఆ నవ్వినవాళ్ళను కొట్టలేక ఆమెను కొట్టాను. చేతిలో గరిటె లాక్కుని తల మీద కొట్టాను. కొప్పు పట్టి ఈడ్చాను. సాంబారు గిన్నెను తన్నితే అది ఆమె పాదాల మీద ఒలికింది. ఆమె అరిచిన అరుపుకు పిల్లలు పళ్ళాలు వదిలేసి లేచిపోయారు. రత్న నా చేతికి అడ్డం పడింది. నేను ఆమె కుడి మణికట్టు పట్టి మెలిపెట్టాను. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు నాకు ఈ రోజుకీ వినపడుతుంది, కానీ ఆ రోజు అది విని కూడా ఇంకో రెండు దెబ్బలు వేశాను.

అది ఒక రోజుతో అయిపోయింది. చెప్పాను కదా, అక్కను కొట్టింది ఒక్క రోజే.

నా దెబ్బల గురించి ఊళ్ళో ఎవరూ పట్టించుకోలేదు. తమ్ముడు అక్కను కొట్టాడు, ఇంటి గొడవ అన్నారు. పట్టించుకుంది మందు మాటను. సొంత తమ్ముడికే మందు పెట్టిన మనిషి మన పిల్లలకు వండుతోందా? వారం తిరగకముందే తల్లులు పిల్లలకు బాక్సులు కట్టి పంపారు. నెలలోపు ఆమెను వంట పని నుంచి తీసేశారు. తర్వాత ఆమె ఇంట్లో మంచినీళ్ళు కూడా ఎవరూ తాగలేదు. కాలిన పాదాలతో మళ్ళీ కూలికి పోయింది. చేలో అందరూ సద్దులు పంచుకుని తింటే ఆమె దూరంగా కూర్చునేదట.

రత్న చేతికి కట్టు కట్టించాను. ఎముక వంకరగా అతుక్కుంది. మెట్ల మీద పడిందని చెప్పుకున్నాం. మొదట్లో రత్న మా అమ్మ అట్లాంటిది కాదు అని ఏడ్చేది. నేను రోజూ ఆ నల్లటి ముద్ద గురించి చెప్పేవాణ్ణి. మెల్లగా నమ్మింది. ఎందుకు నమ్మిందా అని చాలా ఆలోచించాను. తన మొగుడు ఊరికే తన చేయి విరిచాడు అనుకుని ఆ మొగుడితో కాపురం చేయడం కష్టం. అమ్మ చేసిన తప్పుకు విరిగింది అనుకుంటే కొంచెం తేలికేమో. ఆ తేలికను నేనే ఆమె చేతిలో పెట్టాను.

ఏడు నెలల తర్వాత నా కాలి బొటనవేలికి పుండు లేచి మానలేదు. అందుకు డాక్టరు దగ్గరికి పోయాను. రక్తం చూసి, నీకు సుగర్ ఉంది, చాలా ఎక్కువ ఉంది, ఏళ్ళుగా ఉండి ఉంటుంది అన్నాడు. బీపీ కూడా. దాహం, మూత్రం, గుట్కా, తాగుడు, నిద్ర, అన్నీ అడిగాడు. చివర్లో తలుపు వేయించి, ఇంట్లో భార్యతో ఎలా ఉంది అని అడిగాడు. నేను నేల చూశాను. ఆయనకు అర్థమైంది.

ఆయన నెమ్మదిగా చెప్పాడు. రక్తం అక్కడికి సరిగ్గా పోతేనే ఆ పని అవుతుందట. సుగర్, బీపీ రక్తనాళాలను పాడు చేస్తాయి. సుగర్ నరాలను కూడా తింటుంది. పొగాకు ఆ నాళాలను ముడిచేస్తుంది. తాగుడు, నిద్ర లేకపోవడం, మనసులో దిగులు, కొన్ని రకాల మాత్రలు కూడా కారణమవుతాయి. ఒకసారి కాలేదని భయపడితే ఆ భయమే రెండోసారి కానివ్వదు. గుండె నాళాలు కూడా ఇలాగే మూసుకుపోతూ ఉండొచ్చు, అందుకే దీన్ని దాచకూడదు అన్నాడు. చాలామంది మగవాళ్ళకు ఉంటుంది, చెప్పుకోరు అన్నాడు. నేను ఒక్క ప్రశ్న అడిగాను. మందు పెడితే ఇలా అవుతుందా సార్ అని. ఆయన నవ్వలేదు. ఎవరి మీదైనా అనుమానపడ్డావా అన్నాడు. లేదు సార్ అన్నాను.

ఆ లేదు సార్ అన్న చోటే నేను మా అక్కను రెండోసారి కొట్టాను.

మాత్రలు మొదలుపెట్టాను. గుట్కా ఉమ్మేశాను. తాగుడు తగ్గించాను, తర్వాత మానేశాను. ఆర్నెల్లకు కొంత బాగైంది. పూర్తిగా కాదు, కానీ కాపురం నిలిచేంత. రత్న సంతోషపడింది. కక్కించినాక మందు మెల్లగా దిగిపోయింది మామా అంది. నేను ఊఁ అన్నాను. సుగర్ మాత్రలు గ్యాస్‌కి అని చెప్పాను. నేను బాగుపడడమే మా అక్క మీద సాక్ష్యం అయింది. ఇంతకంటే పెద్ద దొంగతనం ఉందా?

ఒకసారి అక్క ఎవరి చేతనో రొట్టెలు పంపింది. రత్న మూట విప్పకుండా తీసుకుపోయి మురుగు మోరీలో పడేసింది. నేను మంచం మీద కూర్చుని చూశాను. ఒక్క మాట చాలు, ఆమె చేయి ఆగేది. ఆ మాట చెబితే అదే చేతిని నేనెందుకు విరిచానో కూడా చెప్పాలి. నోరు తెరవలేదు.

ఆ బడి గొడవ జరిగిన నాలుగేళ్ళకు అక్క పోయింది. జ్వరం అన్నారు. తలుపు రెండు రోజులు తెరుచుకోలేదని పక్కింటివాళ్ళు చూశారు. అంటే రెండు రోజులు ఆమెకు నీళ్ళు ఇచ్చే మనిషి లేదు. శవం నోట్లో బియ్యం వేయడానికి రత్నను పిలిస్తే ఆమె వెనక్కి జరిగింది. నేను ముందుకు పోయి వేశాను. అంత అన్యాయం చేసిన మనిషికి కూడా చేశాడు, మంచోడప్పా అని ఊరివాళ్ళు నా భుజం తట్టారు. నేను తల వంచుకున్నాను. వాళ్ళు దాన్ని దుఃఖం అనుకున్నారు.

రత్నకు చెప్పకపోవడం ఆమె మంచికే అని అప్పటి నుంచి నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు చెబితే ఆమె తట్టుకుంటుందా? తల్లిని ఊరికే వెలివేశానని తెలిస్తే బతుకుతుందా? ఇది జాలి అనుకున్నాను. జాలి కాదు. జాలి అయితే అక్క బతికున్నప్పుడు చెప్పేవాణ్ణి.

పోయిన నెల రత్న కళ్ళు తిరిగి పడింది. ఆస్పత్రిలో చూస్తే ఆమెకూ సుగర్. మాత్రలు రాసిచ్చారు. ఇంటికి వచ్చాక ఆమె ఆ చీటీ గూట్లో పెట్టేసి, నాకూ ఎవరో మందు పెట్టారు, ఆ కక్కించే ఆయన దగ్గరికి తీసుకుపో మామా, నీకు నయమైంది కదా అంది. రోజూ అదే మాట. మాత్ర ముట్టలేదు. పాదాలు మొద్దుబారుతున్నాయి అంటోంది, అయినా ముట్టలేదు. నా అబద్ధం అక్కను తిని, ఇప్పుడు ఆమె కూతురి దగ్గరికి వచ్చింది.

మొన్న సోమవారం పొద్దున ఆమె ముందు నేల మీద కూర్చుని చెప్పాను. సుగర్ అని చెప్పాను. గుట్కా అని, తాగుడు అని చెప్పాను. పళ్ళెంలో పడింది పొద్దున తిన్న పొడి అని చెప్పాను. గ్యాస్ మాత్రలు ఏమిటో చెప్పాను. ఆమె అడిగింది.

"మా అమ్మ బతికుండంగనే తెలుసునా నీకు?"

"తెలుసు."

"రొట్టెలు మోరీలో ఏసిన పొద్దు?"

"తెలుసు."

ఆమె లేచి నన్ను కొట్టింది. కుడి చేత్తో, మళ్ళీ మళ్ళీ. ఆ దెబ్బల్లో బలం లేదు. ఆ చేతికి బలం లేకుండా చేసింది నేనే. దెబ్బ తగిలినప్పుడల్లా ఆమెకే నొప్పి పుట్టి మూలిగింది, అయినా ఆపలేదు. నేను ముఖం తిప్పుకోలేదు. తర్వాత గూట్లో ఉన్న చీటీ, మాత్రలు తీసుకుని సంచిలో వేసుకుంది. కంప్లి బస్సుకు పోయింది. ఇంతవరకు రాలేదు. ఫోను చేస్తే ఎత్తదు. మాత్రలు వేసుకుంటోందని మా కూతురు చెప్పింది. అంతే తెలుసు.

ఆమె వస్తుందని నేను అనుకోవడం లేదు. రావాలని అడిగే హక్కు నాకు లేదు. కానీ ఆ రోజు, తెలుసు అని రెండోసారి అన్నప్పుడు, నా లోపల ఏళ్ళుగా బిగబట్టింది ఏదో వదిలింది. అది సుఖం అంటే పాపం. వదిలింది, అంతే చెప్పగలను. ఇది రాస్తుంటే ఇంకొంచెం వదులుతోంది.

నా పేరు రాసే ధైర్యం ఇప్పటికీ లేదు. ఆమె పేరు రాస్తాను. హులిగెమ్మ. ఆమె చేతి అన్నం తిని ఎవరూ చెడిపోలేదు.